రేగడి బాటలపై వాహన చోదనము

రేగడి బాటలపై వాహన చోదనము అనగా తారు గాని, సిమెంటు గాని వేయని మట్టి బాటలపైన, పొలములలోను, వంకలలోను, నదీగర్భములోని ఇసుకలోను వాహనమును ప్రమాదము లేకుండ నడుపు పద్ధతి. ఇతర దేశములలో దీనిని ఒక క్రీడగా, వినోదముగా అభ్యసించువారు ఎక్కువ. కర్నూలు జిల్లా పడమటి భాగమున ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో ఇది వినోదము కాదు, బ్రతుకుతెరువు. పొలమునకు ఎరువు చేరవేయుటకు, పత్తిని ఇంటికి తెచ్చుటకు, కూలీలు పనికి పోయి వచ్చుటకు, జాతరలకు పోవుటకు ఇక్కడివారు ఇట్టి బాటలనే వాడుచున్నారు. ఈ ప్రాంతమునకు తగిన జాగ్రత్తలు ఈ వ్యాసములో వివరింపబడినవి. వీటన్నింటికి మూలసూత్రము ఒక్కటే: నేల ఎట్లున్నదో దిగి చూడక ముందు వాహనమును ముందుకు నడుపరాదు, నేల ఒప్పుకొననప్పుడు ఆగవలెను.

భౌగోళిక నేపథ్యము

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణముల మధ్య దూరము సుమారు 30 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు ఈ రెండు పట్టణములును కర్నూలు జిల్లాలోనే మిగిలినవి. ఆదోని పత్తి వ్యాపారమునకు, ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందినవి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, నందవరం, గోనెగండ్ల, హొళగుంద మొదలగునవి చుట్టుపక్కల మండలములు.

ఉత్తరమున తుంగభద్ర నది కర్ణాటక, తెలంగాణ రాష్ట్రముల సరిహద్దుగా ప్రవహించుచున్నది. పడమట హగరి (వేదవతి), తూర్పున హంద్రీ ఉన్నవి. తుంగభద్ర దిగువ కాలువ ఈ ప్రాంతము గుండ పోవుచున్నది. ఆదోని చుట్టును గ్రానైటు గుట్టలు కలవు. బండరాతి గుట్టలపై పడిన వాన ఇంకక వెంటనే దిగువకు జారును. అందుచేత గంట క్రితము ఎండిపోయి ఉన్న వంక కూడ హఠాత్తుగా పొంగును.

ఇది వర్షాభావ ప్రాంతము. అయినను కురిసిన నాడు వాన గట్టిగా కురియును. నైరుతి ఋతుపవనములు జూన్ నుండి సెప్టెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనములు అక్టోబరు, నవంబరు మాసములలోను వాన నిచ్చును. వేరుశనగ పెరుకుట, పత్తి ఏరుట మొదలగు పనులు ఈ చివరి వానల కాలముననే మొదలగును. బాటలు మిక్కిలి చెడిపోవు దినములలోనే వాటిపై రాకపోకలు ఎక్కువగా ఉండుట ఈ ప్రాంతపు ప్రత్యేక సమస్య.

నేలల స్వభావము

ఒకే ఊరి పొలిమేరలో రెండు మూడు రకముల నేలలు ఉండును. చోదకుడు వీటిని కంటితో గుర్తింప నేర్వవలెను.

* నల్లరేగడి: ఇందులో మాంట్‌మోరిల్లోనైట్ అను బంకమట్టి ఖనిజము ఎక్కువ. దీని పొరల మధ్యకు నీరు చేరినప్పుడు మట్టి ఉబ్బును, ఎండినప్పుడు కుంచించుకొని పగుళ్ళు వారును. వేసవిలో ఈ పగుళ్ళు ఒక మీటరు లోతు వరకు కూడ పోవును. తడిసిన రేగడి మొదట పైన మాత్రమే జారును, వాన కొనసాగినచో లోపల మెత్తబడి చక్రమును దింపుకొనును. ఇది టైరు గాళ్ళలో కూరుకొని పోవును గనుక కొత్త టైరు కూడ అరిగిన టైరు వలె నున్నగా మారును.
* ఎర్రనేల, గరుసు నేల: వీటిలో నీరు త్వరగా ఇంకును. వాన వెలిసిన కొన్ని గంటలలోనే ఇవి ప్రయాణమునకు తగినట్లు అగును. అయితే వాలు ఉన్న చోట వాన నీరు కోసి గండ్లు ఏర్పరచును.
* ఇసుక: తుంగభద్ర, హగరి, హంద్రీ గర్భములలో ఉండును. ఇది రేగడికి వ్యతిరేక స్వభావము కలది. కొద్దిగా తడిసిన ఇసుక గట్టిగాను, పొడి ఇసుక మెత్తగాను ఉండును.

ఎర్రనేలలో చక్కగా సాగిన బండి రేగడి మొదలైన చోట ఒక్కసారిగా పక్కకు జారుట తరచుగా జరుగును. బాట రంగు మారిన చోట వేగము తగ్గించుట అలవాటు చేసికొనవలెను.

బాటలు, వాహనములు

పొలములకు పోవు బాటను ఈ ప్రాంతమున రస్తా, బండిబాట అని పిలుతురు. ఇవి మొదట ఎద్దులబండ్లకై ఏర్పడినవి. ఎద్దులబండి తేలిక, నెమ్మది. పైగా ఎద్దు తనకు కాలూనుటకు వీలులేని చోట తానే ఆగిపోవును. ఇప్పుడు అవే బాటలపై ట్రాక్టర్లు, జీపులు, ఆటోలు, మోటారు సైకిళ్ళు తిరుగుచున్నవి. రెండు టన్నుల ట్రాక్టరు, దాని వెనుక నిండు ట్రైలరు పోయిన గాళ్ళు లోతుగా పడి, వాటిలో వాన నీరు నిలిచి, తరువాత వచ్చు చిన్న వాహనములకు చిక్కు కలిగించును.

మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను బొంబాయిలో బిగించుట ప్రారంభించిన తరువాత నాలుగు చక్రములకును ఇంజను బలమందు వాహనములు మన దేశమున వాడుకలోనికి వచ్చినవి. ఇట్టి వాహనము బురదలో కదలుటకు తోడ్పడును గాని, ఆగుటకు తోడ్పడదు. బ్రేకు వేసినప్పుడు అన్ని వాహనములకును నాలుగు చక్రములే ఆధారము. జారు నేలపై నాలుగు చక్రముల వాహనము నడుపుచున్నామను ధీమాతో వేగముగా పోవుట ప్రమాదకరము.

బయలుదేరుటకు ముందు

* ఎగువ ఊళ్ళలో వాన కురిసినదా, వంక వచ్చుచున్నదా అని ఆ దారిన వచ్చిన వారిని అడుగవలెను. మన ఊరిలో ఎండ కాయుచున్నంత మాత్రమున వంక ఎండి ఉండునని భావింపరాదు.
* ఎక్కడికి పోవుచున్నది, ఎప్పటికి చేరునది ఇంటిలో ఒకరికి చెప్పవలెను.
* పార, గట్టి తాడు, రెండు చెక్కపలకలు, నాలుగు గోనె సంచులు, టార్చిలైటు, త్రాగునీరు వెంట ఉంచుకొనవలెను. వేసవిలో నీరు మరింత అవసరము.
* టైర్లు, బ్రేకులు, లైట్లు సరిచూచుకొనవలెను. ట్రైలరుకు వెనుక ఎర్రని ప్రతిఫలక పట్టీలు ఉండవలెను.
* సరకును తక్కువ ఎత్తున, రెండు వైపుల సమముగా నింపవలెను. పత్తి తేలిక అని ఎత్తుగా నింపుట వలన ట్రైలరు ఒరుగుటయే కాక, వ్రేలాడు విద్యుత్ తీగలకు బస్తాలు తగులు ప్రమాదము కలదు.

రేగడిలో నడుపు పద్ధతి

వాన పడిన నాడు రేగడిలో అడుగు పెట్టకుండుటయే అన్నింటికంటె మేలైన పద్ధతి. ఎండ, గాలి తగిలినచో పైపొర ఒకటి రెండు దినములలో గట్టిపడును. మడమతో నేలను గట్టిగా నొక్కి చూచినప్పుడు గుంట పడి నీరు ఊరినచో, లేదా చెప్పుకు మట్టి ముద్దగా అంటుకొని వచ్చినచో బాట ఇంకను సిద్ధము కాలేదని గ్రహింపవలెను.

తప్పనిసరిగా పోవలసి వచ్చినచో ఈ క్రింది జాగ్రత్తలు పాటింపవలెను.

* బురద మొదలగుటకు ముందే తక్కువ గేరు వేసికొనవలెను. బురద మధ్యలో గేరు మార్చినచో వేగము తెగి బండి దిగబడును.
* నెమ్మదిగా, ఒకే వేగముతో పోవలెను. యాక్సిలరేటరును ఒక్కసారిగా తొక్కరాదు. చక్రము తిరిగినంత మాత్రమున బండి కదలదు. చక్రము నేలను పట్టుకొనినప్పుడే కదలును.
* బ్రేకును మెల్లగా వాడవలెను. వాలులో దిగునప్పుడు తక్కువ గేరులో ఇంజను పట్టుతోనే దిగవలెను. న్యూట్రల్‌లో గాని, క్లచ్చి తొక్కి గాని దిగరాదు.
* ముందు చక్రములు జారినచో స్టీరింగును ఇంకను ఎక్కువ త్రిప్పక, యాక్సిలరేటరు తగ్గించి, చక్రములు పట్టు చిక్కించుకొను వరకు ఓపిక పట్టవలెను.
* లోతైన గాళ్ళలో వాహనపు అడుగుభాగము మిట్టకు ఆనినచో చక్రములు గాలిలో తిరుగును. ఎత్తు తక్కువ గల కారు ట్రాక్టరు గాళ్ళలో దిగక, ఒక వైపు చక్రములను నడిమి మిట్టపైన, రెండవ వైపు చక్రములను అంచుపైన నడుపవలెను.
* కాలువ గట్లపై పోవునప్పుడు అంచునకు దూరముగా ఉండవలెను. తడిసిన గట్టు పైకి గట్టిగా కనిపించినను బరువు పడగానే అంచు విరిగి పడును.

దిగబడినప్పుడు

చక్రము ఒకే చోట తిరుగుట మొదలైన వెంటనే యాక్సిలరేటరు వదలవలెను. తిరిగిన కొలది చక్రము తన గుంటను తానే త్రవ్వుకొనును. వాహనములోని వారందరు దిగి, సరకును కొంత దింపవలెను. ముందుకు పోవుటకంటె, వచ్చిన జాడలోనే వెనుకకు పోవుట సాధారణముగా సులభము, ఏలయనగా ఆ నేల అప్పటికే బరువు మోసినది.

చక్రముల ముందు, వెనుక గల బురదను పారతో తీసి వాలు చేసి, గోనె సంచులు గాని, పత్తి కట్టె, కంది కట్టె వంటివి గాని పరచవలెను. సర్కారు తుమ్మ కంప దగ్గరలోనే దొరికినను వేయరాదు, దాని ముండ్లు టైరులో దిగును. పరచిన వస్తువులు చక్రము తిరిగినప్పుడు వేగముగా వెనుకకు విసరబడును గనుక చక్రమునకు ఎదురుగా ఎవరును నిలువరాదు.

వేరొక వాహనముతో లాగునప్పుడు తాడును బంపరుకు కట్టరాదు. చట్రమునకు బిగించిన కొక్కెమునకే కట్టవలెను. తాడు తెగినచో తగిలిన వాని ప్రాణము తీయగలదు. కావున తాడు పొడవుకంటె ఎక్కువ దూరములో అందరు నిలువవలెను. తాడు మధ్య ఒక తడి గోనెసంచి వేసినచో తెగినప్పుడు దాని ఊపు తగ్గును.

వంకలు దాటుట

ఈ ప్రాంతపు మట్టిబాటలలో ప్రాణాపాయము ఎక్కువగా ఉన్నది వంకల వద్దనే. పారుచున్న నీటి బలమును చాలమంది తక్కువగా అంచనా వేయుదురు. దీనిని చిన్న లెక్కతో గ్రహింపవచ్చును.

ఒక చిన్న కారు అడుగుభాగము 3.6 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు అనుకొనుడు. దాని వైశాల్యము 5.4 చదరపు మీటర్లు. నీరు అడుగుభాగమును తాకిన తరువాత ఒక్కొక్క సెంటీమీటరు పెరిగినప్పుడు 54 లీటర్ల నీరు తొలగింపబడును. ఆర్కిమెడీస్ సూత్రము ప్రకారము నీరు ఆ కారును 54 కిలోల బరువునకు సమానమైన బలముతో పైకి నెట్టును. కారు బరువు 900 కిలోలైనచో, 17 సెంటీమీటర్ల నీరు దానిని తేల్చుటకు చాలును. కారు అడుగుభాగము నేలకు 17 సెంటీమీటర్ల ఎత్తున ఉండునని కొన్నను, మొత్తము లోతు 34 సెంటీమీటర్లే. అనగా మోకాలి లోతు కూడ లేని నీటిలో, లోపలికి నీరు చేరుటకు ముందే, కారు తేలగలదు. తేలుటకు ముందే చక్రములు నేలపై పట్టు కోల్పోవును. ప్రవాహ వేగము రెండింతలైనచో ప్రక్కకు నెట్టు బలము నాలుగింతలగును. అరమీటరు దాటిన వేగమైన ప్రవాహములో జీపు వంటి బరువైన వాహనమును నమ్మరాదు.

చప్టాపై నీరు పారుచున్నప్పుడు మరొక ప్రమాదము కలదు. చప్టా అంచు కనబడదు. నీటి క్రింద చప్టా కొట్టుకొని పోయి ఉండవచ్చును. అందుచేత:

* నీరు ఎర్రగా, మట్టిగా, చెత్తతో పారుచున్నచో, లేదా నీటిమట్టము పెరుగుచున్నచో దాటరాదు. ఒడ్డున ఒక రాయి గుర్తు పెట్టుకొని చూచినచో నీరు పెరుగుచున్నదో తగ్గుచున్నదో తెలియును.
* నీరు నిలకడగా, పలుచగా ఉన్నప్పుడు మాత్రమే, కర్రతో లోతు చూచుచు నడిచి వెళ్ళి, నేల గట్టిగా ఉన్నదని తెలిసికొనిన పిదపనే వాహనమును దింపవలెను. నడుచుటకు భయము కలిగించు నీటిలో వాహనమును అసలు దింపరాదు.
* తక్కువ గేరులో, నెమ్మదిగా, ఆగకుండ దాటవలెను. ఒక వాహనము ఒడ్డు చేరిన తరువాతనే రెండవది దిగవలెను.
* మధ్యలో ఇంజను ఆగినచో మరల స్టార్టు చేయరాదు. సిలిండరులోనికి చేరిన నీరు గాలివలె కుదించుకొనదు, అందుచేత లోపలి కడ్డీలు వంగును.
* దాటిన పిదప బ్రేకును రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి తడి ఆర్చవలెను.

ఎగువ వంకలలో పెద్ద వాన పడినప్పుడు కొన్ని గంటలు ఆగిన చాలును, చిన్న వంకలు ఎంత త్వరగా పొంగునో అంత త్వరగా తీయును. నదుల సంగతి వేరు. 2009 అక్టోబరు ఆరంభమున తుంగభద్ర, హంద్రీ నదులకు వచ్చిన వరదలో మంత్రాలయము, కర్నూలు నగరము నీట మునిగినవి. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట వద్ద తుంగభద్ర జలాశయపు 19వ గేటు కొట్టుకొని పోయినప్పుడు దిగువ గ్రామముల వారిని అప్రమత్తము చేయవలసి వచ్చినది. వాన లేని దినములందు కూడ జలాశయము నుండి వదలిన నీటితో నది పెరుగగలదని దీనివలన తెలియుచున్నది.

నదీగర్భములోని ఇసుక

పొడి ఇసుకలో టైరు ఎంత వెడల్పుగా నేలను తాకినచో అంత తక్కువగా దిగును. అందుచేత జీపు, కారు వంటి వాహనముల టైర్లలో సాధారణముగా 30 పౌండ్ల పైబడి ఉండు గాలిని 20 పౌండ్ల వరకు తగ్గింతురు. తారు రోడ్డు ఎక్కుటకు ముందు తప్పక మరల నింపవలెను, లేనిచో టైరు వేడెక్కి పగులును. ఇసుకలో నిలకడైన వేగముతో పోవలెను, మలుపులు పెద్దవిగా తీసికొనవలెను, ఆగవలసి వచ్చినచో వాలు వైపు ముఖముగా ఆపవలెను. ఇసుక త్రవ్విన గుంతలు నీటిచే కప్పబడి పైకి కనబడవు. అట్టి చోట్లకు వాహనమునే కాదు, మనుష్యులును దిగరాదు.

ట్రాక్టరు ప్రమాదములు

ట్రాక్టరుకు రెండు ముఖ్య ప్రమాదములు కలవు: ప్రక్కకు ఒరుగుట, వెనుకకు తిరుగబడుట.

వెనుక చక్రములు బురదలో బిగుసుకొని తిరుగలేనప్పుడు ఇంజను బలము చక్రమును త్రిప్పుటకు మారుగా ట్రాక్టరు దేహమునే ఇరుసు చుట్టు పైకి త్రిప్పును. ముందు చక్రములు లేచి, ట్రాక్టరు వెనుకకు పడును. దీనికి రెండు సెకన్లు కూడ పట్టదు. చోదకుడు దూకుటకు సమయముండదు. చక్రములకు దుంగలు కట్టి, లేదా అడ్డుపెట్టి బయటకు తీయ ప్రయత్నించుట ఇందుచేతనే మిక్కిలి అపాయకరము. దిగబడిన ట్రాక్టరును వెనుక గేరులో తీయుటకు యత్నింపవలెను, కానిచో వేరొక ట్రాక్టరుతో లాగింపవలెను. బరువును ఎల్లప్పుడు క్రిందనున్న డ్రాబారుకే తగిలింపవలెను. ఇరుసుకు గాని, అంతకంటె ఎత్తున గాని కట్టరాదు.

ప్రక్కకు ఒరుగుటకు బ్రేకులు ఒక కారణము. ట్రాక్టరుకు కుడి, ఎడమ వెనుక చక్రములకు వేరువేరు బ్రేకు పెడళ్ళు ఉండును. సేద్యములో మలుపు తిరుగుటకు ఒకదానినే త్రొక్కుదురు. పొలము నుండి బాట ఎక్కగానే రెండింటిని కొక్కెముతో కలుపవలెను. మరచి వేగములో ఒక పెడలే త్రొక్కినచో ట్రాక్టరు గిరుక్కున తిరిగి బోల్తాపడును.

స్వీడను దేశము 1959లో కొత్త ట్రాక్టర్లకు బోల్తా రక్షణ చట్రమును తప్పనిసరి చేసినది. దానివలన అచ్చట బోల్తా మరణములు గణనీయముగా తగ్గినవి. ఆ చట్రము లేని ట్రాక్టరు నడుపువానికి జాగ్రత్తయే రక్షణ.

మనుష్యులను ట్రైలరులో తరలించుట

పత్తి ఏరు కూలీలు, పెండ్లివారు, శ్రావణమాసములో కౌతాళం మండలములోని ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనమునకు పోవువారు ట్రైలరులో ప్రయాణించుట ఈ ప్రాంతమున సామాన్య దృశ్యము. వ్యవసాయ ట్రైలరు మనుష్యులకై చేసినది కాదు. దానికి సీట్లు, పట్టుకొనుటకు ఆధారములు లేవు. చాల ట్రైలర్లకు సొంత బ్రేకులు కూడ ఉండవు, వాలులో అవి ట్రాక్టరును ముందుకు నెట్టును. బోల్తాపడినచో ఇరువది మంది ఒకేసారి దాని క్రింద పడుదురు. మడ్‌గార్డుపై కూర్చొనువారు, ముఖ్యముగా బాలురు, ఒక్క కుదుపుతో పెద్ద చక్రము క్రింద పడుదురు.

మేలైన మార్గము బస్సులోనో, అనుమతి గల వాహనములోనో పోవుట. వేరు దారి లేక ట్రైలరు ఎక్కినవారు కూడ వంక వద్ద, వాలు వద్ద, బురద వద్ద దిగి నడువవలెను. దింపుమని అడుగుట కూలీల హక్కు, దింపుట చోదకుని బాధ్యత. పది నిమిషముల నడక వలన పని చెడదు.

ద్విచక్ర వాహనములు, రాత్రి ప్రయాణము

మోటారు సైకిలు చక్రమునకు, మడ్‌గార్డునకు మధ్య రేగడి గట్టిగా నిండి చక్రమును ఆపివేయును. అప్పుడప్పుడు ఆగి కర్రతో మట్టిని తీయవలెను. ముందు బ్రేకును బురదలో గట్టిగా పట్టరాదు. వేసవిలో బాటకు నిలువుగా వారిన పగుళ్ళలో చక్రము దిగి వాహనము పడిపోవును, కావున వాటిని అడ్డముగా దాటవలెను. హెల్మెటు పొలము బాటలో కూడ అవసరమే.

రాత్రివేళ బాట ప్రక్కనున్న గట్టులేని బావులు, నీటి కుంటలు పెద్ద అపాయము. పొదలు పెరిగి అవి కనబడవు. వెనుకకు నడుపునప్పుడు ఒకరు దిగి, చోదకునికి కనబడునట్లు ప్రక్కన నిలిచి దారి చూపవలెను.

చట్టము

మోటారు వాహనముల చట్టము (1988) ప్రకారము ప్రజలకు ప్రవేశించు హక్కు గల ఏ దారియైనను బహిరంగ స్థలమే. కావున ఊరి రస్తాపై ట్రాక్టరు నడుపుటకు కూడ లైసెన్సు తప్పనిసరి. ట్రాక్టరు నడుపుటకు 18 సంవత్సరములు నిండవలెను. మద్యము సేవించి నడుపుట నేరము. ట్రాక్టరుకు గల బీమా ట్రైలరులో ప్రయాణించిన వారికి సాధారణముగా వర్తించదు. అందుచేత ప్రమాదము జరిగినప్పుడు పరిహార భారము యజమానిపై పడును, పేద కుటుంబములకు అది చేతికి అందుట కష్టమగును.

ప్రమాదము జరిగినచో

మొదట ఇంజను ఆపి, ఇతరులు చిక్కుకొనకుండ చూడవలెను. 108 అంబులెన్సుకు ఫోను చేసి, ఊరి పేరుతో పాటు దగ్గరి తారు రోడ్డు, గుడి లేదా చెరువు వంటి గుర్తు చెప్పవలెను. అంబులెన్సు మట్టిబాటలోనికి రాలేకపోవచ్చును గనుక ఒకరు రోడ్డు వద్ద నిలిచి దారి చూపవలెను. రక్తము కారుచున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టవలెను. మెడకు, వెన్నుకు దెబ్బ తగిలినదను అనుమానమున్నచో, మంటలు, నీరు వంటి అపాయము లేనప్పుడు కదలింపరాదు. గాయపడిన వారికి సాయపడిన వారిని కేసులతో వేధింపకుండ 2019 చట్ట సవరణ రక్షణ కల్పించినది, కావున సాయము చేయుటకు వెనుకాడవలసిన పని లేదు.

ఇవి కూడా చూడండి

* ఆదోని
* ఎమ్మిగనూరు
* నల్లరేగడి నేల
* తుంగభద్ర నది
* ట్రాక్టరు
* ఎద్దులబండి